మొండి సిలువ మీద తులసి

మా యారాలి చేతికి ఆరి సూది ఇచ్చింది నేను. ఈ మాట మొట్టమొదట చెప్పేస్తే గానీ నాకు మిగతాది చెప్పబుద్ధి కాదు. తోడికోడలిని మా కరీంనగర్ వైపు యారాలు అంటాం. ఆమె మా మరిదిని చేసుకుని సూరత్‌లో, లింబాయత్‌లోని మా రెండు గదుల ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా రాదు. బార్డోలీలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రికి అక్కడి చక్కెర మిల్లులో పని. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, గుజరాతీ మాత్రం గలగలా మాట్లాడేస్తుంది. చక్కెర మిల్లు గాలి పీల్చి పెరిగినందుకేమో మాట మహా తీపి. ఆ తీపికి మా అత్త మొదటి వారంలోనే పడిపోయింది.

మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. ఆడవాళ్ళం ఇంట్లోనే ఖాట్లీ పని చేసేవాళ్ళం. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని చుట్టూ నేల మీద కూర్చుని, కొక్కెం ఉన్న ఆరి సూదితో దారం, జరీ, పూసలు కుట్టే పని అది. హైదరాబాదులో దీన్నే మగ్గం వర్క్ అంటారు. ఆ చట్రం మంచంలా ఉంటుందని సూరత్‌లో దానికి ఖాట్లీ అని పేరు. పెళ్ళయి వచ్చిన ఏడాదే నేను ఈ పని పట్టుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, పక్కింటి మరాఠీ ఆమె చేతిని చూసి చూసి నేర్చుకున్నాను. మా యారాలికి ఆ అవస్థ లేదు. నేనే పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని నేర్పాను.

నేర్చుకుంది. నాకు నచ్చనంత తొందరగా నేర్చుకుంది. నా కుట్టు గట్టిది, స్కేలు పెట్టి గీసినట్టు వస్తుంది. ఆమెది వదులు కుట్టు, దారాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది. ఆకు కుడితే కొస ఎప్పుడూ ఎడమకే వాలుతుంది. అది తప్పని ఎన్నిసార్లు చెప్పానో. సరే అక్కా అనేది, మళ్ళీ అలాగే కుట్టేది. పోనీ చూడటానికి బాగుండదా అంటే అదీ కాదు. మా ఇద్దరి చీరలు పక్కపక్కన పరిస్తే వచ్చినవాళ్ళ చెయ్యి ముందు ఆమె చీర మీదికే పోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నేర్పింది నేను, మెప్పు ఆమెకు. అది అన్యాయం కాదా అని మా ఆయన్ని అడిగితే, నాకు కుట్టు పనేం తెలుసు, అన్నం పెట్టు అనేవాడు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సాంచెలు ఆగిపోయాయి. అంతకు ముందు మా గల్లీలో పగలూ రాత్రీ టకటకమనే చప్పుడు ఉండేది, అది ఆగిపోయేసరికి చెవులకు ఏదో జబ్బు చేసినట్టనిపించింది. సగం మంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. అన్నదమ్ములిద్దరూ ఇంట్లో కూర్చుని పేకాడుకుంటూ, చాయ్ ఎవరు పెట్టాలని మా ఇద్దరి మీదా అరుస్తూ గడిపారు. ఖాట్లీ పనీ పోయింది. మళ్ళీ బజారు తెరిచాక మాకు పని ఇచ్చే సేఠ్ కొద్దికొద్దిగా గుడ్డలు పంపడం మొదలుపెట్టాడు. రింగ్ రోడ్డు మార్కెట్లో ఆయనకు బట్టల దుకాణం. ఆయనే అప్పుడు ఒక సంగతి చెప్పాడు. ఇంటింటికీ గుడ్డలు పంచడం విసుగొచ్చిందట. పర్వత్ పాటియాలో ఒక హాలు తీసుకుని ఖాట్లీలన్నీ ఒకే చోట పెట్టిస్తాడట. గుడ్డ మీద గీత గీయడానికి, ఎవరి చేతికి ఏ పని ఇవ్వాలో చెప్పడానికి, బాగాలేనిది విప్పించడానికి ఒక మాస్టర్ కావాలట. ఆడ మాస్టర్.

అది నేనేనని గల్లీ అంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. హాలు చూడటానికి తీసుకెళ్ళినప్పుడు ఫ్యాను కింద ఏ మూల కూర్చోవాలో కూడా ఖాయం చేసుకుని వచ్చాను. నా బతుకులో ఎవరైనా నన్ను ఏదైనా పదవిలో పెడతారంటే అది ఇదొక్కటే. ఇంట్లో పెద్ద కోడలిననే మాటే తప్ప నా మాట చెల్లింది లేదు. ఆ మూల నాకు కావాలి. దానికోసం ఎంత కావాలంటే అంత కుట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

అలాంటప్పుడు ఇంగ్లండు నుంచి ఒక రాయి వచ్చి పడింది.

సేఠ్ చెల్లెలు ఇంగ్లండులో ఏదో చిన్న పల్లెలో ఉంటుంది. చర్చికి ఎదురుగా ఆమె కిరాణా కొట్టు. కరోనాకి చర్చి మూసేస్తే ఆ ఊరివాళ్ళు చర్చి ముందున్న సమాధుల జాగాలో దూరదూరంగా నిలబడి ప్రార్థన చేసుకున్నారట. అక్కడ నడి మధ్యలో ఒక పాత రాతి సిలువ ఉంది, దాని చుట్టూ నిలబడేవాళ్ళట. చర్చి తలుపులు మళ్ళీ తెరిచినప్పుడు ఆ రోజుల గుర్తుగా లోపల ఒక గుడ్డ వేలాడదీయాలని, దాని మీద ఆ రాయి కుట్టించాలని వాళ్ళ ఆలోచన. మా అన్న సూరత్‌లో కుట్టించి పంపుతాడని ఈమె మాట ఇచ్చేసింది. సేఠ్ మా ఇద్దరినీ పిలిచి, రాయి సంగతంతా చెల్లెలే చెప్తుందని, చెరొక జానెడు గుడ్డ మీద నమూనా కుట్టి తెమ్మన్నాడు. వాళ్ళకు ఎవరిది నచ్చితే ఆమే ఆ గుడ్డ కుట్టిస్తుంది, హాలుకూ ఆమే మాస్టర్ అన్నాడు. రెండు పనులూ ఒకేసారి తెమిలిపోతాయని ఆయన లెక్క. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నేర్పిన పిల్లతో నాకు పోటీ ఏమిటి?

మా యారాలి ఫోను పాడైపోయి ఉండటంతో రాయి ఫోటో జిరాక్స్ తీసి ఆమెకు ఇచ్చాడు. నా ఫోనుకు రంగుల ఫోటోలు, చెల్లెలు గుజరాతీలో మాట్లాడి పంపిన మెసేజీలు వచ్చాయి. ఇద్దరూ వినండని చెప్పాడు. వంటగదిలో అందరికీ వినపడేలాగే పెట్టాను. ఆమె అప్పుడు రొట్టెలు చేస్తోంది, కుక్కర్ కూతలు వేస్తోంది. ఎంత వినపడిందో ఆమెకే తెలియాలి. నేను మాత్రం ఆ తర్వాత చెవికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ విన్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ రాయి బాగా పట్టేసింది. చుట్టూ పచ్చిగడ్డి, ఒరిగిపోయిన సమాధి రాళ్ళు. నడుమ ఎనిమిది మూలల మెట్లు, మూడు వరసలు. జనం కూర్చుని కూర్చుని అంచులు అరిగిపోయాయి. మెట్ల మీద పెద్ద దిమ్మ, దిమ్మలో పాతిన స్తంభం. నడుం ఎత్తుకు వచ్చేసరికి స్తంభం విరిగిపోయి ఉంది. సిలువ అన్నారే గానీ సిలువ లేదు. ఐదారు వందల ఏళ్ళ కిందట పెట్టినప్పుడు పైన తల ఉండేదట, ఒక వైపు యేసు, మరో వైపు బిడ్డను ఎత్తుకున్న తల్లి. తర్వాత ఎప్పుడో మతంలో గొడవలొచ్చి, బొమ్మలకు మొక్కకూడదన్నవాళ్ళు తలను పడగొట్టారట. దాదాపు అన్ని ఊళ్ళలోనూ అదే కథ. నేను ఫోనులో వెతికితే ఇంకో ఊళ్ళోది కనపడింది, విరిగిన కంబం మీద ఎండను చూసి వేళ చెప్పే పలక పెట్టుకున్నారు. ఇంకోచోట కొత్త తల చేయించి అతికించారు. ఒక దానికైతే దిమ్మలో దీపపు గూడులాంటి చిన్న గూడు ఉంది. ఇంటర్నెట్ అంతా రాళ్ళకే అయిపోతోందని మా ఆయన గొణిగేవాడు.

ఆ చెల్లెలు చెప్పిన ఒక సంగతి నా మనసులో ఉండిపోయింది. ఆ కాలంలో మామూలు జనానికి సమాధి మీద రాయి పెట్టుకునే స్తోమత లేదట. ఆ నేలలో పూడ్చిన అందరికీ కలిపి ఆ ఒక్క సిలువే గుర్తు. ఎవరి పేరూ దాని మీద ఉండదు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారం ఊరంతా చేతుల్లో ఆకులు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగి ఆ రాయి దగ్గర ఆగి మోకరిల్లేవాళ్ళట. మట్టల ఆదివారం మా ఊళ్ళోనూ చూశాను కాబట్టి అది నాకు వెంటనే తెలిసిపోయింది.

మా యారాలు డాబా మీద ఉన్నప్పుడు ఫోటో చూసిన మా అత్త మాత్రం మూతి ముడుచుకుంది. "మొండి దేవుణ్ణి ఇంట్ల కుడతరా? ఇరిగిన విగ్రహం ఇంట్ల ఉంచద్దని తెల్వదా మీకు?" అంది. అది మన దేవుడు కాదు, వాళ్ళకు అలాగే కావాలట అని నచ్చజెప్పాను. ఎవరి దేవుడైనా విరిగితే విరిగినట్టేనని ఆమె రెండు రోజులు నా చేతి చాయ్ తాగలేదు.

నమూనాలు దాచుకుని కుట్టాం. నేను వంటగదిలో, ఆమె డాబా మీద. లేచేటప్పుడు చట్రం మీద పాత చీర కప్పేవాళ్ళం. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచుడులో కూర వండుకుంటూ, దొంగల్లా దాచుకున్నాం. ఆ నమూనా కోసం నేను పడ్డ పాట్లు చెప్పను గానీ, బూడిద రంగు దారాలు నాలుగు రకాలు వాడాను. రాయి మీద నాచు పట్టిన చోట ఆకుపచ్చలో పసుపు కలిపాను. అరిగిన మెట్టు అంచు ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ కుట్టునూ పల్లంగా లాగాను. విరిగిన చోట రాతి పలుకులు సైతం వదలలేదు. ఇంగ్లండువాళ్ళు వచ్చి గుడ్డను రాయి పక్కన పెట్టి చూసుకున్నా తేడా పట్టుకోలేరు.

సేఠ్ దుకాణంలో ఇద్దరం ఒకేసారి మడతలు విప్పాం. ముందు ఆమె దానివైపే చూశాను. చూసి, నా గుండె ఎగిరి గంతేసింది.

మెట్లు ఉన్నాయి, దిమ్మ ఉంది, పొట్టి స్తంభం ఉంది. స్తంభం మీద పచ్చగా, గుబురుగా ఒక మొక్క. ఆకుల కొసలన్నీ ఎడమకే వాలి ఉన్నాయి. నడుమ నడుమ సన్నటి ఊదారంగు కంకులు. అది తులసి.

పాపం, ఆమె చేసిన పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. విరిగిన చోట పగుల్లో ఏదో పిచ్చి మొక్క మొలిచి ఉంది, జిరాక్స్‌లో అది నల్లగా పెద్దగా పడింది. రొట్టెలు చేస్తూ మెసేజీలో ఆమెకు వినపడింది ఆకులు పట్టుకుని చుట్టూ తిరుగుతారని, ఆగి మొక్కుతారని. మెట్లు, మెట్ల మీద దిమ్మ, దిమ్మ మీద మొక్క, చుట్టూ ప్రదక్షిణ. మన ఆడపిల్ల ఎవరైనా ఇంకేమనుకుంటుంది? సేఠ్ అయోమయంగా ఇదేమిటని అడిగాడు. తులసి గద్దె కదా అని ఆమె గుజరాతీలో నమ్మకంగా చెప్పింది. ఇది సిలువ బేటా, విరిగిపోయిన సిలువ అని ఆయన అనేసరికి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను నా గుడ్డను కొంచెం ముందుకు జరిపాను. ఫ్యాను కింది మూల నాదైపోయిందనుకున్నాను.

సేఠ్ మంచివాడు, రెండింటి ఫోటోలూ చెల్లెలికి పంపాడు. ఇంకా మేం చాయ్ తాగుతూ ఉండగానే వీడియో కాల్ వచ్చింది. ఆమె కొట్లోనే ఉంది, మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఉంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. అంత చలి దేశంలో పెరట్లో ఎన్నిసార్లు తులసి పెట్టినా చలికాలం దాటేది కాదట. ఆమె ఫోటో తీసుకుని అప్పటికప్పుడు రోడ్డు దాటి చర్చి ఆడవాళ్ళకు చూపించిందట. మా ఇళ్ళ ముందు ఉండే దేవుడి మొక్క ఇది, మా సూరత్ పిల్ల మీ రాయిని చూసి దాని కోసమే కట్టారనుకుంది అని చెప్పిందట. తల పోయి ఇన్ని వందల ఏళ్ళయింది, దాని మీద ఏదైనా పచ్చగా మొలవనిద్దామని మాకెవరికీ తోచలేదు అన్నారట. ఇదే కుట్టమన్నారు.

మరి నాది? నేను అడగలేదు, సేఠే అడిగాడు. చాలా బాగుంది, అచ్చం ఫోటోలా ఉందన్నారట. ఫోటో మా దగ్గర ఉంది కదా అన్నారట.

బస్సులో ఇంటికి వస్తూ నా గుడ్డను మడిచి సంచి అడుగుకు తోశాను. ఆమె రెండు మూడు సార్లు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకు నిజంగ తెల్వలేదక్కా. నీదే సహీ ఉండె. నేను తప్పు కుట్టిన" అంది. అది ఇంకా పుండు మీద కారం. తప్పని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, సేఠ్‌కు తెలుసు, ఇంగ్లండులో వాళ్ళకూ తెలుసు. అందరికీ తెలిసిన తప్పు గెలిచింది. ఇంటికి వెళ్ళేసరికి మా అత్త సంగతి విని ఆ గుడ్డను కళ్ళకద్దుకుంది. మొండి దేవుడికి తులసమ్మ వచ్చి కూర్చున్నదట, దోషం పోయిందట. ఆ రోజు నా చేతి చాయ్ కూడా అడిగి తాగింది. ఆమె తాగుతుంటే, ఆ చాయ్ పెట్టకుండా ఉండాల్సింది అనిపించింది నాకు.

పెద్ద గుడ్డ పని మా ఇంట్లోనే మొదలైంది. హాలుకు ఇంకా కరెంటు రాలేదు. ఖాట్లీ ముందుగదిలో పరిచాక మనుషులు గోడకు అంటుకుని నడవాల్సి వచ్చింది. గీత ఆమే గీసింది, మాస్టర్ కదా. పని ఆమే పంచింది. "రాయి నీయంత సాఫ్‌గ ఎవ్వలు కుట్టరక్కా. మెట్లు, కంబం నువ్వు కుట్టు. ఆకు నేను చూసుకుంట" అంది. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. వారాల తరబడి బూడిద రంగు దారంతో రాళ్ళు కుట్టాను. గల్లీ ఆడవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు, తులసి ఎక్కడని అడిగేవాళ్ళు. రాయి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. నా మెట్ల మీద మోచేతులు ఆనించి, ఇంకా కుట్టని ఆకుల గీతలను మెచ్చుకునేవాళ్ళు.

హోలీ తర్వాత రెండోసారి వచ్చింది రోగం. ఈసారి మా గల్లీని విడిచిపెట్టలేదు. రోజూ అంబులెన్సులు. చివరి ఇంటి పెద్దాయన పోయాడు, సాంచెల్లో మా ఆయన పక్కన పనిచేసే ఒడియా అతను పోయాడు. వాళ్ళవాళ్ళకు మొహాలు కూడా చూపించలేదు. దినాలు చేసే దిక్కు లేదు. ఆ ఊళ్ళో అంతమందికి కలిపి ఒక్క రాయి ఎందుకు పెట్టుకున్నారో అప్పుడు నాకు తెలిసినట్టయింది. మా గల్లీకీ అలాంటిది ఒకటి ఉంటే, పేర్లు లేకపోయినా, వెళ్ళి దాని దగ్గర కూర్చునేవాళ్ళం.

మా యారాలికి జ్వరం వచ్చింది. ముందు దాచింది, ఆకులు మొదలుపెట్టాను, మధ్యలో ఆపలేనని. కొమ్మకు అటు రెండు ఇటు రెండు కుట్టి, ఖాట్లీ మీదే తల వాల్చేసింది. వేలికి పెట్టే మిషన్ తెచ్చి చూస్తే అంకె చూసి మా మరిది ఏడ్చాడు. ఎక్కడెక్కడో తిరిగి చివరికి సర్కారు దవాఖానాలో మంచం దొరికింది. ఆటో ఎక్కిస్తుంటే ఆమె నాతో అన్న మాట ఒక్కటే, ఆకులు.

సేఠ్ ఫోను చేశాడు. చర్చి తెరుస్తున్నారు, గుడ్డ ఆగడానికి లేదు, నువ్వే పూర్తిచెయ్యి, హాలు సంగతీ నువ్వే చూసుకో, ఆమె వచ్చేదాకా అన్నాడు. ఆమె వచ్చేదాకా అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. ఆమె బతికి రావాలని నేను మొక్కని దేవుడు లేడు. ఆ మొక్కుల్లోనే ఇంకో గొంతు, అంత తొందరగా రాకపోయినా ఫరవాలేదు అంది. రెండూ నావే. రెండూ ఒకే నోటితో మొక్కాను.

ఆకులు కుట్టడానికి కూర్చున్నాను. మొదటి ఆకు బిగుసుకుపోయింది, కొస నిటారుగా పైకి లేచింది. ఆమె నాలుగు ఆకుల పక్కన అది పరాయి ఇంటి పిల్లలా ఉంది. విప్పేశాను. దారం వదులుగా పట్టి చూశాను, వంకర టింకరగా వచ్చింది. విప్పేశాను. ఇన్నేళ్ళూ నేను తప్పు అంటూ వచ్చిన ఆ వాలు నా చేతికి రావడం లేదు. ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను. చివరికి లేచి ఖాట్లీకి అవతలి వైపు, ఆమె కూర్చునే చోటికి వెళ్ళి కూర్చున్నాను. ఆమె ఎడమ మోకాలు పైకి పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించి కుడుతుంది. నేనూ అలాగే పెట్టాను. చెయ్యి దానంతట అదే ఎడమకు వాలింది. సూది వాలింది, ఆకు వాలింది. ఇంత చిన్న సంగతా అనిపించి ఇంకా కోపం వచ్చింది.

ఆ మూలనే కూర్చుని మిగతా చెట్టంతా కుట్టాను. కంకులు కుట్టాను. పోను పోను నా ఆకులు ఆమె ఆకుల కంటే బాగా రావడం మొదలైంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కుట్టు తెలిసినవాళ్ళు ఎవరు చూసినా చెప్తారు. ఆమె వదులు, నా శుభ్రం రెండూ కలిసిన చెయ్యి అది. నా బతుకులో అంత మంచి పని అంతకు ముందు చేయలేదు, తర్వాతా చేయలేదు. చూసి మెచ్చుకోవడానికి పని తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆమె దవాఖానాలో ఆక్సిజన్ మీద ఉంది.

బతికి వచ్చింది. సగం మనిషి వచ్చింది. జుట్టు రాలిపోయి, మెడ ఎముకలు తేలి, వేళ్ళు వణుకుతూ. చెంచా పట్టుకుంటే పప్పు ఒలికిపోయేది. అన్నం తిన్నాక అన్నం అయిందా అక్కా అని మళ్ళీ అడిగేది. జ్వరానికి ముందు రోజులన్నీ ఆమెకు కలగాపులగమైపోయాయి. మా మరిదిని పట్టుకుని, మనం హోలీ ఆడినమా అని అడిగింది. కొన్నాళ్ళకు నెమ్మదిస్తుందని డాక్టర్లు అన్నారు. చేతి వణుకు గురించి మాత్రం ఏమీ చెప్పలేకపోయారు.

విమానాలు ఆలస్యమై గుడ్డ ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాన్ని తీసుకుపోవడానికి సేఠ్ స్వయంగా వచ్చాడు. పనికి వచ్చే నలుగురైదుగురు ఆడవాళ్ళూ చూడటానికి వచ్చారు. గుడ్డను మంచం మీద పరిచాం. అందరూ చుట్టూ నిలబడ్డారు. నా రాతి మెట్ల మీద ఆ తులసి నిజంగానే గాలికి కొంచెం ఒరిగినట్టు ఉంది. మా అత్త దండం పెట్టింది. మా యారాలిని గోడకు దిండు వేసి కూర్చోబెట్టాం. సేఠ్ ఆమె చేతులవైపు చూసి నా వైపు తిరిగాడు. ఆమె మొదలుపెట్టింది గానీ పని నీ చేతి మీద పడింది, హాలు కూడా ఇక నువ్వే చూసుకోవాలేమో, వణికే చేత్తో మాస్టర్ పని ఎలా అని హిందీలో మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా రెండు గదుల ఇల్లు, ఆమెకు వినపడింది. ఎన్నాళ్ళుగానో అనుకున్న మాట, అడగకుండానే నా ఒళ్ళోకి వస్తోంది.

ఆయన ఆమె మనసు కష్టపెట్టకూడదని కాబోలు, దీనిలో నీ చెయ్యి ఎంతవరకు ఉంది బేటా అని గుజరాతీలో అడిగాడు. ఆమె మంచం దాకా పాక్కుంటూ వచ్చింది. వణికే వేలు గుడ్డ మీద పెట్టి, కొమ్మల మీదుగా మెల్లగా జరిపింది. తాను కుట్టిన నాలుగు ఆకులనూ దాటిపోయింది. నేను కుట్టినవాటి దగ్గర, అన్నిటికంటే బాగా వచ్చిన పై గుబురు దగ్గర ఆగింది. ఆమె మొహం వెలిగిపోయింది. దవాఖానా నుంచి వచ్చాక ఆ మొహంలో వెలుగు చూడటం అదే మొదలు.

"గివన్ని నేనే కుట్టిన. దవాఖానకు పోకముందే కుట్టిన" అంది. నా వైపు తిరిగింది. "నువ్వు చూసినవ్ గదా అక్కా?"

అబద్ధం ఆడటం లేదు. ఆమెకు నిజంగా అలాగే గుర్తుంది. తన చెయ్యి అనుకుంది. అందరూ నా వైపు చూశారు, నేను కుట్టడం కళ్ళారా చూసిన మా అత్త కూడా. సేఠ్ చూశాడు. కాదు, అవి నావి అన్న మాట నాలుక కొసన ఉంది. అది నిజం. దానికి సాక్ష్యం నా వేళ్ళకున్న సూది గాట్లు. ఆ ఒక్క మాటతో హాలు నాది, ఫ్యాను కింది మూల నాది, పేరు నాది.

"చూసిన," అన్నాను.

ఎందుకన్నానో అడగొద్దు. మంచితనం అని మాత్రం అనుకోవద్దు. ఆ ఆకులు ఆమెవి కావని చెప్తే వణికే ఆ వేలు ఎక్కడికి జరుగుతుందో, ఆ నాలుగు ఆకుల దగ్గరికి, అది చూడలేకపోయాను. ఇంతటి చెయ్యి ఉన్న పిల్ల కూర్చుని గీత ఎక్కడ పడాలో, కుట్టు ఎలా వాలాలో చెప్తే చాలు, సూది పట్టుకోవాల్సిన పని లేదు, పట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు అన్నాడు సేఠ్. మాస్టర్ ఆమే. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరి ఆ ఆకులు ఎలా వాల్చావో మాకూ నేర్పమన్నారు. కొంచెం కోలుకోనియ్యండి, నేర్పుతానంది. నా పనిని ఆమె చేతిలో పెట్టి మెచ్చుకుంటుంటే నేను అక్కడే నిలబడి విన్నాను. నాకు జీవితంలో దొరికిన పెద్ద మెప్పు అదే, ఆమెకు దొరికింది.

వంటగదిలోకి వెళ్ళి అందరికీ చాయ్ పెట్టాను. ఆమె గ్లాసు పట్టుకుంటే చాయ్ ఒలికిపోతోంది. పక్కన కూర్చుని, గ్లాసు నేనే పట్టి తాగించాను. కడుపు మాత్రం మండుతూనే ఉంది.